ఎనిమిదేసి బైట్లకి కూలిన కెర్నెల్

సర్వర్ మీద దాడి అనగానే పాస్‌వర్డ్‌లు కొట్టేయడమో, ఫైళ్లు ఎత్తుకుపోవడమో గుర్తొస్తుంది. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన ‘సాక్ పానిక్’ లోపంతో అవేవీ కుదరవు. ఎక్కడో కూర్చుని, లాగిన్ కూడా లేకుండా, ఆ లోపం ఉన్న లినక్స్ (సర్వర్లని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) మెషిన్‌ని ఆపేయొచ్చు, అంతే. ఇలాంటివాటిని డినయల్ ఆఫ్ సర్వీస్ లోపాలంటారు.

ఇందులో నాకు నచ్చేది (నచ్చిందనొచ్చో లేదో గానీ) దాని లెక్క.

నెట్‌లో డేటా ముక్కలుగా వెళ్తుంది. ఒక్కో ముక్క ఎన్ని బైట్లకి మించకూడదో కనెక్షన్ మొదట్లోనే అవతలివాళ్లు చెప్తారు. మామూలుగా అది 1,460 దగ్గర ఉంటుంది. మధ్యలో ఒకటి పోతే అన్నీ మళ్లీ పంపనక్కర్లేకుండా, ఏవేవి అందాయో చెప్పే పద్ధతి సాక్. అలా అందాయని తెలిసిన ముక్కల్ని, పంపిన మెషిన్‌లోని కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్) ఒక మూటగా కలిపేసి, అందులో ఎన్నున్నాయో 16 బిట్ల గడిలో రాసుకుంటుంది. ఆ గడిలో 65,535కి మించి పట్టదు.

ఒక మూటలో 17 అరలు. ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద ఒక్కో అరకి 32 కిలోబైట్లు, అంటే మొత్తం 5,57,056 బైట్లు. 1,460 చొప్పున కోస్తే నాలుగు వందల ముక్కలు కూడా కావు. ఇక గడి చాలదేమోనన్న అనుమానం ఎవరికొస్తుంది? 2009 నాటి 2.6.29 వెర్షన్ నుంచీ పదేళ్లు అలాగే నడిచింది.

కానీ ముక్క సైజు చెప్పేది అవతలివాడు కదా. 48 బైట్లు చాలన్నా లినక్స్ సరేనంటుంది. అందులో హెడర్ ఆప్షన్లే (డేటా ముందు చేర్చే అదనపు వివరాలు) 40 తినేయగలవు. డేటాకి మిగిలేది ఎనిమిది. ఇప్పుడు భాగించి చూడండి: 69,632 ముక్కలు. గడి పొంగి, 4,096 అని చూపిస్తుంది.

మెషిన్‌ని కూల్చింది నేరుగా ఈ తప్పు లెక్క కాదు, దాన్ని పట్టుకున్న తనిఖీ. లెక్క ఇలా ఉండే ప్రసక్తే లేదు, ఉంటే అక్కడికక్కడే ఆగిపొమ్మని కెర్నెల్ కోడ్‌లో ఒక లైన్ ఉంది. పాడైన లెక్కలతో ముందుకెళ్లి ఇంకేదో నాశనం చేసేకన్నా ఆగడమే మేలని పెట్టారు. మామూలు ప్రోగ్రామ్ ఆగితే మిగతావి నడుస్తూనే ఉంటాయి. కెర్నెల్ ఆగితే అన్నీ పోయినట్టే, రీబూట్ చేయాల్సిందే. బయటివాళ్లు పంపే ప్యాకెట్లతో మారే లెక్కకి ఇంత కఠినమైన తనిఖీ పెట్టడం నా దృష్టిలో పొరపాటే.

లోపాన్ని సరిచేసే ప్యాచ్ చిన్నదే: గడి దాటేలా ఉంటే ముక్కల్ని కలపదు. అది వేసేదాకా సాక్‌ని ఆపేసుకుని నెట్టుకొచ్చినవాళ్లూ ఉన్నారు, ప్యాకెట్లు పోయే లింకుల మీద వేగం తగ్గినా సరే. కనిష్ఠ సైజు పెంచుకోవడానికి ఒక సెట్టింగ్ కూడా ఇచ్చారు. దాని డిఫాల్ట్ మాత్రం ఆ 48 బైట్లే.