ఐస్‌క్రీమ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: పైన మంచు పేరుకుందంటే తయారీలో నీళ్లు కలిపారన్నమాట.

వాస్తవం: చాలాసార్లు తప్పు జరిగేది దారిలోనో, ఇంట్లోనో. మంచి ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. సుమారు 50 మైక్రాన్లు (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) దాటితే నాలుకకు గరగరలాడతాయి. మే నెల ఎండలో అరగంట తిరిగిన డబ్బాలో ముందు కరిగేవి ఆ సన్న పలుకులే. మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే ఆ నీరు మిగిలిన పలుకులకు అతుక్కుని వాటిని పెంచుతుంది. తిరిగి గడ్డకట్టినా పాత నునుపు రాదు. అందుకే మిగతా సరుకులన్నీ కొన్నాక ఆఖర్న ఐస్‌క్రీమ్ తీసుకోండి. పాత పేపరు నాలుగు మడతలు చుట్టి సంచిలో వేయండి. ఫ్రీజర్‌లో తలుపు పక్కన కాకుండా లోపలికి పెట్టండి. తినగా మిగిలినదాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటుకునేలా పరిచి, మూత బిగించండి.

అపోహ: లీటరు డబ్బా కిలో తూగకపోతే మోసమే.

వాస్తవం: కాదు. చిలికేటప్పుడు చేరే గాలే ఐస్‌క్రీమ్‌కు మెత్తదనం ఇస్తుంది. అయితే దానికీ హద్దుంది: మన దేశ నిబంధనల ప్రకారం లీటరు ఐస్‌క్రీమ్ 525 గ్రాములకు తగ్గకూడదు. ఒకే పరిమాణంలో ఉన్న రెండు డబ్బాల మీద నికర బరువు పోల్చి చూడండి. ఎక్కువ బరువున్నదాంట్లో గాలి తక్కువ.

పేరు కూడా చదవండి. ఉత్త ‘ఐస్‌క్రీమ్’ అని ఉంటే పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అంటే వంటనూనెల కొవ్వుతో చేసింది. అదేమీ విషం కాదు, కానీ పాల కమ్మదనం కోరుకునేవాళ్లు ఐస్‌క్రీమే కొనాలి.

అపోహ: ఇంట్లో చేసుకుంటే చక్కెర సగానికి తగ్గించొచ్చు.

వాస్తవం: చక్కెర తీపికే కాదు, నీరంతా ఒక్కసారిగా గడ్డకట్టకుండా ఆపడానికి కూడా. అర లీటరు చిక్కటి పాలు, 200 మి.లీ. క్రీమ్, 40 గ్రాముల పాలపొడికి 120 గ్రాముల చక్కెర సరిపోతుంది. 60 గ్రాములే వేస్తే గరిటె దిగదు. మరీ ఎక్కువైతే గట్టిపడదు. పాలు, పాలపొడి, చక్కెర కలిపి కాచి, చల్లార్చి, క్రీమ్ కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. వెడల్పాటి గిన్నెలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాక అరగంటకోసారి, మూడు నాలుగు సార్లు బాగా గిలక్కొట్టాలి. ఈ పని మానేస్తే పాలగడ్డే మిగులుతుంది. తీపి తగ్గించుకోవాలంటే చిన్న కప్పులో తినండి.

అపోహ: ఐస్‌క్రీమ్ తింటే జలుబు చేస్తుంది.

వాస్తవం: జలుబు తెచ్చేది వైరస్, చల్లదనం కాదు. గబగబా తింటే నుదుట పోటు వస్తుంది, అది అంగిలి ఒక్కసారిగా చల్లబడినందువల్ల. నాలుకను అంగిలికి ఆనించి ఉంచితే కాసేపటికి తగ్గుతుంది.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చచ్చిపోతాయి.

వాస్తవం: చాలావరకు చావవు, ఎదుగుదల ఆగుతుందంతే. పూర్తిగా కరిగి గంటలతరబడి బయట ఉన్నదాన్ని మళ్లీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టొద్దు, పారేయండి.

అపోహ: ఎంత గట్టిగా ఉంటే అంత రుచి.

వాస్తవం: మైనస్ 18 డిగ్రీల్లో నిల్వ చేయాలి గానీ ఆ చలిలో నాలుక మొద్దుబారి రుచి తెలియదు. మైనస్ 12 దగ్గర బాగుంటుంది. వడ్డించే ముందు డబ్బాను పది పదిహేను నిమిషాలు ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. బయట పెడితే అంచులు కరిగినా మధ్యలో రాయిలాగే ఉంటుంది.