వాతావరణ మార్పు, చీడపీడల ముప్పు అంచనా: అపోహలు - వాస్తవాలు

ఒక పురుగు లేదా తెగులు కొత్త ప్రాంతానికి చేరగలదా, చేరితే అక్కడ నిలదొక్కుకుంటుందా, నిలదొక్కుకుంటే ఎంత నష్టం చేస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే మొక్కల సంరక్షణలో ముప్పు అంచనా. వీటిలో రెండో ప్రశ్న ప్రధానంగా వాతావరణంతో ముడిపడినది. అందుకే ఒకప్పుడు సరైన జవాబు ఇప్పుడు చెల్లకపోవచ్చు.

అపోహ: వేడి పెరిగితే చీడపీడలన్నీ పెరుగుతాయి.

వాస్తవం: ప్రతి జీవికీ ఎదుగుదల మొదలయ్యే ఉష్ణోగ్రత ఒకటి, బాగా అనుకూలించేది ఒకటి, తట్టుకోలేనిది ఒకటి ఉంటాయి. 2018లో కర్ణాటకలో బయటపడి, మన మొక్కజొన్న చేలకూ విస్తరించిన కత్తెర పురుగునే చూడండి. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి దానికి 18 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 71 రోజులు పడితే, 32 డిగ్రీల వద్ద 20 రోజులు చాలు. అంటే చల్లని ప్రాంతంలో రెండు డిగ్రీల పెరుగుదల ఏడాదిలో అదనపు తరాలకు దారి తీయవచ్చు కానీ, వేసవిలో 40 డిగ్రీలు దాటే మైదానంలో అదే పెరుగుదల పురుగుకే కష్టం కలిగించవచ్చు.

వరిలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అగ్గి తెగులుకు చల్లని రాత్రులు, మంచు, గంటల తరబడి ఆరని ఆకు తడి కావాలి. యాసంగిలో రాత్రులు వేడెక్కితే దాని ఉధృతి కాలం కుదించుకుపోవచ్చు. వేడినీ గాలిలో తేమనూ కోరే పాముపొడ తెగులుకు మాత్రం అదే మార్పు కలిసివస్తుంది. కాబట్టి ముప్పు పెరిగిందా తగ్గిందా అని మొత్తంగా అడగడం కంటే ఏ తెగులుకు, ఏ పంట దశలో, ఏ నెలలో అని అడగడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

అపోహ: పాత లెక్కలకు సగటు ఉష్ణోగ్రత పెరుగుదలను కలిపితే సరిపోతుంది.

వాస్తవం: తెగులు కలిగించే శిలీంధ్రం (బూజు జాతి జీవి) బతికేది పైరు లోపలి ఆకు మీద, వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత కొలిచే నీడపెట్టెలో కాదు. ఆకు తడి ఎన్ని గంటలు ఉందన్నది సగటులో కనబడదు. అసాధారణ ఘటనలూ సగటులో కరిగిపోతాయి. 2018 మేలో మెకును, అక్టోబరులో లుబాన్ తుపానులు అరేబియా ఎడారిని తడపడంతో అక్కడ మిడతలు తరం తర్వాత తరంగా పెరిగాయి. ఆ వరుసలో ఎదిగిన దండ్లు 2020 నాటికి రాజస్థాన్ దాటి మహారాష్ట్రకు రాగా, తెలంగాణ సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేయవలసి వచ్చింది.

అపోహ: చీడపీడలను తట్టుకునే నిరోధక రకం వేశాక వాతావరణంతో పని లేదు.

వాస్తవం: టమాటాలో వేరుముడి నులిపురుగులను అడ్డుకునే ఎంఐ జన్యువు నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటితే బలహీనపడుతుంది. నిరోధకతను ఏ ఉష్ణోగ్రత వద్ద పరీక్షించారో తప్పక అడగాలి.

అపోహ: కొత్తగా వచ్చే ప్రతి ఉధృతికీ వాతావరణ మార్పే కారణం.

వాస్తవం: ఈ మాట వినడానికి బాగుంటుంది కానీ పొలంలో హాని చేస్తుంది. 2021లో గుంటూరు ప్రాంతం నుంచి తెలంగాణ వరకు మిరప పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగు దేశంలోకి అప్పుడే వచ్చినది కాదు. 2015లోనే బెంగళూరులో బొప్పాయిపై దాన్ని గుర్తించారు. దాని విస్తరణలో వర్షాల పాత్రను పరిశీలించాలి. దానితోపాటు వరుసగా మిరప వేయడం, నారు రవాణా, మిత్రపురుగులను చంపే విచక్షణారహిత పిచికారీ కూడా లెక్కలోకి రావాలి. అన్నిటినీ వాతావరణం మీదికి నెట్టేస్తే మన చేతిలో ఉన్న నివారణను మనమే వదులుకున్నట్లవుతుంది.

అపోహ: భవిష్యత్ అంచనాలు అనిశ్చితం కనుక పాత గణాంకాలే భద్రం.

వాస్తవం: పాత ముప్పై ఏళ్ల గణాంకాలతో నిర్ణయించడమూ ఒక జోస్యమే, వాతావరణం మారదనే జోస్యం. ఒకే అంకె ఇవ్వకుండా, రెండు మూడు భవిష్యత్ పరిస్థితులలో ముప్పు ఎలా మారుతుందో విడివిడిగా చూపాలి. ఒక్క సీజన్ పంటకు ప్రస్తుత వాతావరణం చాలవచ్చు. దశాబ్దాలు నిలిచే కొబ్బరి, మామిడి తోటలకు మాత్రం రాబోయే ముప్పై ఏళ్లను చూడక తప్పదు. ప్రతి నివేదికలోనూ ఏ సంవత్సరాల గణాంకాలు వాడారో, తిరిగి ఎప్పుడు సమీక్షిస్తారో స్పష్టంగా రాయాలి.