పాము పాఠంలో పాము ఉండాలా?

తరగతి గదిలోకి బతికున్న పామును తెచ్చి పిల్లలకు చూపించొచ్చా అన్న గొడవ మళ్లీ రేగింది.  ఇది ఎక్కడ మొదలైందో తెలియాలంటే 2014కి వెళ్లాలి.

ఆ ఏడాది సనోఫీ అనే ఫ్రెంచ్ మందుల కంపెనీ ఆఫ్రికాలో వాడే ఫావ్-ఆఫ్రిక్ అనే పాము విరుగుడు మందు తయారీ ఆపేసింది. మిగిలిన చివరి నిల్వకు 2016 జూన్‌తో గడువు తీరిపోతుందని ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు అనే స్వచ్ఛంద సంస్థ) వైద్యులు ముందే మొత్తుకున్నారు. అప్పటిదాకా పాము పాఠం రెండు ముక్కలుగా ఉండేది. వన్యప్రాణుల వాళ్లు పామును చేత్తో పట్టుకుని చూపిస్తూ ‘చంపకండి’ అనేవాళ్లు, ఆరోగ్య శాఖల వాళ్లు పోస్టర్ అంటించి ‘కాటేస్తే ఆస్పత్రికి రండి’ అనేవాళ్లు. మరి మందే లేకపోతే ఆస్పత్రికి వెళ్లి ఏం చేయాలి?

ఏటా 81,000 నుంచి 1,38,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2017లో దాన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో పెట్టి, 2030కల్లా మరణాలు, వైకల్యాలు సగానికి తగ్గించాలని 2019లో ప్రణాళిక వేసింది. అందులో నాలుగు ప్రధానాంశాలుంటే మొదటిది మందు కాదు, జనాన్ని సిద్ధం చేయడం. నన్నడిగితే ఇవాళ్టి పేచీ అంతా అక్కడే మొదలైంది. పాఠం లక్ష్యం జనాన్ని కాటు నుంచి కాపాడటంగా మారింది కానీ చెప్పే తీరు మాత్రం ఆ పాత ప్రదర్శన దగ్గరే ఆగిపోయింది.

ప్రదర్శనలు ఇచ్చేవాళ్లు చెప్పేది, ఒక్కసారి తాకి చూసిన పిల్లాడు మళ్లీ పాము మీద కర్ర ఎత్తడని. కొట్టిపారేయలేం. కానీ ఆ పిల్లాడు రేపు చెట్ల మధ్య ఇంకో పామును చూసి, ఇదీ అలాంటిదేలే అని చెయ్యి పెడితే? 2001లో మయన్మార్‌లో జో స్లోవిన్‌స్కీ అనే పాముల శాస్త్రవేత్త విషం లేని పామే అనుకుని సంచిలో చెయ్యి పెట్టాడు, లోపలున్నది కట్లపాము జాతిది, మర్నాడు చనిపోయాడు. జీవితమంతా అదే పని చేసినవాడే పోల్చుకోలేకపోయాడంటే, విషమున్నవీ లేనివీ అంటూ చార్టు చూపించి వదిలేస్తే ఐదో తరగతి పిల్లలకు ధైర్యం వస్తుందేమో గానీ జాగ్రత్త రాదు.

తరగతిలో పామును చూపించడాన్ని వ్యతిరేకించేవాళ్లు అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. ఏ పామైనా సరే దూరం జరగండి, రాత్రి టార్చ్ లేకుండా తిరగొద్దు, నేల మీద పడుకుంటే దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి, కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం మానేసి కాలు కదపకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, ఇవి నేర్పమంటున్నారు. పట్టబోయి, చంపబోయి కాటు తినేవాళ్లు తక్కువేం కాదు కాబట్టి ‘చంపొద్దు’ అన్నది కూడా ఈ జాగ్రత్తల్లోకే వచ్చేస్తుంది, దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు.

ఇక పాము సంగతి. ప్రదర్శన కోసం కోరలు పీకేసిన పాములు నోరు పుండై, తినలేక చనిపోతాయి. అలాంటి దాన్ని చూపించి పరిరక్షణ పాఠం చెబుతున్నామనే వాళ్లు దీనికి ఇంకా జవాబు చెప్పలేదు.