లావుగా ఉంటే వెన్ను మత్తు ఎక్కువ పడుతుందా?

సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చే మందు మన దగ్గర ఎక్కువగా బుపివకైన్ హెవీ. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. మత్తు డాక్టర్ సిరంజిలోకి లాగేది సాధారణంగా 2 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. 50 కిలోల తల్లికీ, 90 కిలోల తల్లికీ ఆ సిరంజి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పిల్లల జ్వరం సిరప్పే కిలోల లెక్కన పోస్తారు కదా, మరి ఇదేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది.

1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ వెన్నులోకి కొకైన్ ఎక్కించి ఆపరేషన్ చేశాడు. ఆ వెంటనే తన మీదే ప్రయోగం చేయించుకోబోతే సిరంజి సూదికి సరిగ్గా అతకక వెన్ను నీరు (వెన్నులో నరాల చుట్టూ ఉండే నీరు) కారిపోయింది. దాంతో అసిస్టెంట్ హిల్డెబ్రాంట్‌కు 5 మిల్లీగ్రాములు ఇచ్చి, అతని కాలి ఎముక మీద సుత్తితో కొట్టి చూశాడు. నొప్పి తెలియలేదు. తర్వాత ఇద్దరికీ తలనొప్పి మాత్రం గట్టిగానే పట్టుకుంది! 1900కల్లా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆస్కార్ క్రైస్ అనే డాక్టర్ ఈ పద్ధతిని కాన్పులకు వాడాడు.

గర్భిణులకు తక్కువ మందే సరిపోతుందని పోనుపోను అర్థమైంది. బరువెక్కిన గర్భసంచి కింద పెద్ద సిర నొక్కుకుపోతుంది. రక్తం దారి మళ్లి వెన్ను చుట్టూ ఉన్న సిరలు ఉబ్బుతాయి, వెన్ను నీరు ఉండే చోటు ఇరుకవుతుంది. మందు కలిసేది ఆ కాస్త నీటిలోనే. ఒంట్లో కండ, కొవ్వు ఎంతున్నా అక్కడిదాకా లెక్కకు రావు.

పూర్తిగా రావనీ చెప్పలేం. 1996లో హోగన్ అనే డాక్టర్ బృందం ఎంఆర్‌ఐ తీసి చూస్తే లావుగా ఉన్నవారిలో వెన్ను నీరు తక్కువని తేలింది. అంటే మందు తగ్గించాలి! కానీ అంతకుముందే, 1988లో, నారిస్ అనే డాక్టర్ నిండు గర్భిణులకు ఒకే మోతాదు ఇచ్చి చూస్తే, బరువుకూ మత్తు పాకిన స్థాయికీ పొంతన కుదరలేదు.

ఆ చిక్కు 2011లో ఇంకాస్త ముడిపడింది. బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 40 దాటినవారిలో నూటికి 95 మందికి సరిపడే మోతాదు 15 మిల్లీగ్రాములని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు లెక్కగట్టారు. ఊబకాయం లేనివారికి అక్కడే 2004లో తేలింది 11.2 మిల్లీగ్రాములు. 2011 నాటిది చిన్న అధ్యయనమే, కాబట్టి లావుంటే 15 ఇచ్చేయాలని కాదు. లావుగా ఉన్నారని భయపడి మందు మోతాదు తగ్గించడం మాత్రం తప్పని నాకనిపిస్తుంది. వాళ్లకు ఆపరేషన్ ఎక్కువసేపు పడుతుంది. మధ్యలో మత్తు దిగితే నిద్రపుచ్చే పూర్తి మత్తు ఇవ్వాలి, అప్పుడు గొంతులో గొట్టం వేయడం కష్టం కావచ్చు. మందు ఎక్కువైతే బీపీ పడిపోతుంది, ఊపిరి బరువవుతుంది. అది మరో టెన్షన్.

బరువు బాగా ఎక్కువుంటే సూదికి దారి దొరకడమే ముందు కష్టం. అలాంటివారికి కొందరు డాక్టర్లు వెన్ను మత్తుతో పాటు సన్నని ఎపిడ్యూరల్ గొట్టం (వెన్ను నీటి పొర బయట మందు వేసే గొట్టం) కూడా పెట్టి ఉంచుతారు. మత్తు చాలకపోతే అందులోంచి కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు.