గన్నారెడ్డి కోసం వెళ్తే నారాయణరావు ఎదురైతే

కొత్తపేట

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. అడవి బాపిరాజు గారి చారిత్రక నవల గోన గన్నారెడ్డిని ఏకబిగిన చదివేసి, అదే ఊపులో ఆయనదే సాంఘిక నవల నారాయణరావు తెచ్చుకుని, వంద పేజీలైనా తిరక్కుండానే మూసేశారట. “అంత బాగా రాసినాయన ఇంత చప్పగా ఎలా రాశాడు తాతయ్యా?” అని అడిగారు. పైగా కథ మన కొత్తపేటదని తెలిసి మరీ ఆశపడ్డారాయె.

బాపిరాజు గారి మీద కోపం తెచ్చుకునే ముందు ఒక సంగతి గమనించండి. మీరు చదివిన వరస వేరు, ఆయన రాసిన వరస వేరు. నారాయణరావే ముందు వచ్చింది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పోటీలో విశ్వనాథ వారి వేయిపడగలుతో బహుమతి పంచుకున్న నవల అది. గన్నారెడ్డి ఆ తర్వాతివాడు. అంచేత ఆయన కత్తులు పక్కన పడేసి ఇంటి కథల్లోకి దిగారనుకోవడానికి లేదు. మీరు మొదట చదివిన పుస్తకాన్ని ఆయనకు ఇంటిపేరు చేసేశారు, అంతే. ఇకమీదట కొత్త పుస్తకం చేతికొస్తే అట్ట తిప్పి ముద్రణ వివరాల పేజీ చూడండి. మీ చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణన్నది కాదు, మొదటి ముద్రణ ఏ సంవత్సరమో చూడాలి.

ఇప్పుడు రెండు పుస్తకాల్లోని పెళ్లిళ్లూ పక్కపక్కన పెట్టండి. గన్నారెడ్డి నవలలో పెళ్లి జరుగుతూండగానే వరుణ్ణి ఎత్తుకుపోతారు. ఎవరు, ఎందుకు, ఎటు అన్న ప్రశ్నలు ఒక్కసారే లేస్తాయి, అవి తేలేదాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. నారాయణరావులో అలా కాదు. పెళ్లయిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. జమీందారు కూతురు శారదకు, కొత్తపేట సంపన్న గృహస్థు కొడుకైన మొగుడి మీద మనసు లేదు. ఆ మనసు ఎప్పుడు తిరుగుతుంది, దేని వల్ల తిరుగుతుంది అన్నదే కథ. అక్కడ పోయేది ప్రాణమో కోటో కాదు, ఒక ఇంటి మర్యాద, ఒక మనిషి మీద ఇంకో మనిషికుండే అభిప్రాయం. మీరేమో వరిచేలో కొబ్బరిబోండాలు వెతికారు.

చారిత్రక నవలలో కథ చోట్లు మారుతూ నడుస్తుంది. సాంఘిక నవలలో చోటు అదే, చూపు మారుతుంది. అందుకని చదివే పద్ధతి కూడా కాస్త మార్చుకోవాలి. ఒక పెన్సిలు, చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక్కో ప్రకరణం అయ్యాక ఒక్క వాక్యం రాయండి: మొదట్లో ఎవరు ఎవరి గురించి ఏమనుకున్నారు, చివరికొచ్చేసరికి ఏమనుకుంటున్నారు? “ఏం జరిగింది” అని రాయకండి, రాస్తే సగం పేజీలు ఖాళీగా కనబడి మళ్లీ విసుగొస్తుంది. వరసగా మూడు ప్రకరణాల్లో ఎవరి అభిప్రాయమూ ఇసుమంతైనా కదల్లేదనుకోండి, అప్పుడు తప్పు మీది కాదు, పుస్తకానిదే. నిర్భయంగా చెప్పండి.

పెద్ద పేరున్నవాడి పుస్తకమని నచ్చినట్టు నటించక్కర్లేదు. నారాయణరావులో నాకు కనబడే లోపం ఒకటుంది. నాయకుడు మరీ పోతపోసిన మనిషి. అందగాడు, బలశాలి, చదువరి, సంగీతం తెలుసు, గుణం బంగారం. గన్నారెడ్డికి ఇవన్నీ ఉంటే చెల్లుతుంది, ఎందుకంటే ఎదుట సైన్యముంది, ఎంత గొప్పవాడైనా ఓడిపోతాడేమోనన్న బెంగ మిగిలే ఉంటుంది. ఇంటి కథలో ఎదుట సైన్యం ఉండదు. మనిషిలోనే ఏదో ఒక ఒంకర లేకపోతే పాఠకుడికి బెంగెక్కణ్ణుంచి వస్తుంది? కాకతాళీయాల సంగతీ అంతే. గుర్రం మీద పోతున్న కథలో ఎవరో సమయానికి ఎదురైతే ఆగి అడగం. వంటింట్లో, వీధరుగు మీద నడిచే కథలో అడగడానికి బోలెడు తీరిక దొరుకుతుంది.

వర్ణనలు నిదానంగా సాగాయన్నారు కదా, దానికి కారణం వేరే. ఆయన చిత్రకారుడు. రాజమండ్రి కాలేజీలో కూల్డ్రే దొర దగ్గర, ఆ తర్వాత బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర నేర్చుకున్నారు. బొమ్మ చూసినట్టు చదివితే ఆ పేజీలు నిలబడతాయి. అయినా కుదరకపోతే ఆ పేరా దాటేసి వెళ్లండి, కొంపేమీ మునగదు.

ఈ పేచీ మన దగ్గరే కాదు. ఇంగ్లీషు రచయిత కానన్ డాయిల్ తన చారిత్రక నవలలే గొప్పవనుకుని, వాటికి అడ్డొస్తున్నాడని 1893లో తన కథల్లోని డిటెక్టివు షెర్లాక్ హోమ్స్‌ను చంపేశాడు. పాఠకులు ఊరుకోలేదు, 1901లో మళ్లీ హోమ్స్ కథ మొదలుపెట్టక తప్పలేదు. హత్యల కథలకు పేరుపడ్డ అగాథా క్రిస్టీ తెలివిగా చేసింది. హత్యలూ డిటెక్టివులూ లేని ఆరు నవలల్ని 1930 నుంచి 1956 దాకా మేరీ వెస్ట్‌మకాట్ అనే పేరుతో వేసుకుంది. హత్య కథ కోసం పుస్తకం కొన్నవాడు మోసపోయానని అనే వీలే లేకుండా పోయింది. బాపిరాజు గారు అన్నిటి మీదా తన పేరే వేసుకున్నారు, కాబట్టి ఆ జాగ్రత్త మనమే పడాలి.

ఇప్పుడు మీరు చేయవలసింది చెబుతాను. నారాయణరావులో ఆపిన చోట కాగితం ముక్క పెట్టి, ముందు హిమబిందు చదవండి. శాతవాహనుల కాలం నాటి కథ, కాబట్టి మీకు అలవాటైన దారే. దాని తర్వాత కోనంగి తీయండి, సాంఘికమే అయినా కాస్త హుషారుగా నడుస్తుంది. అప్పుడు నారాయణరావుకు తిరిగి రండి. మొదటి పేజీకి పోకండి, పెళ్లి ఘట్టం దగ్గర ఎత్తుకోండి. శారద పేరు వచ్చిన ప్రతి ప్రకరణానికీ ఒక వాక్యం, మర్చిపోకుండా. అప్పటికీ నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో పేజీ నంబరుతో సహా రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య