శుక్లం ఆపరేషన్: ముదిరేదాకా ఆగకండి

అపోహ: "పొర బాగా ముదిరాకే తీయించుకోవాలి."

మెహదీపట్నం వైపు నుంచి ఓపీకి వచ్చే పెద్దవాళ్ల నోట ఈ మాట ఇప్పటికీ వింటుంటాను. ఒకప్పుడు అది సబబే. పెద్ద కోత, కుట్లు, ఆ తర్వాత సోడాబుడ్డి కళ్లద్దాలు. అందుకే చూపు పూర్తిగా తగ్గేదాకా ఆగేవాళ్లు. ఇప్పుడు ఫేకో అనే పద్ధతిలో రెండు, మూడు మిల్లీమీటర్ల కోత చాలు. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి, పీల్చేసి, మడత లెన్స్ పెడతాం. లోపలికెళ్లాక అదే విచ్చుకుంటుంది. ముదిరి గోధుమరంగుకు తిరిగిన శుక్లాన్ని పగలగొట్టాలంటే ఎక్కువ శక్తి వాడాలి. దాంతో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వాచి, చూపు తేరుకోవడం ఆలస్యమవుతుంది. మరీ వదిలేస్తే లెన్స్ ఉబ్బి కంట్లో ప్రెషర్ పెరగొచ్చు. కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులతో అర్ధరాత్రి పరిగెత్తుకొస్తారు. కంటినరం దెబ్బతింటే ఆ చూపు తిరిగి తేలేం. బస్సు నంబరు ఆనకపోయినా, రాత్రిపూట ఎదురు బండ్ల లైట్లు చెదిరి టెన్షన్ పెడుతున్నా వచ్చి చూపించుకోండి.

అపోహ: "లేజర్‌తో అయితే కోతే ఉండదు."

ఫెమ్టో లేజర్ కోతలు పెడుతుంది, లెన్స్ పైపొరను గుండ్రంగా కోస్తుంది. శుక్లాన్ని బయటికి తీయడానికి ఫేకో పరికరం లోపలికి వెళ్లాల్సిందే. మామూలు కేసుల్లో చివరికి వచ్చే చూపులో పెద్ద తేడా ఉండదు. దానికోసం అప్పు చేయకండి.

అపోహ: "ఎస్ఐసీఎస్ పేదల ఆపరేషన్."

ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. ఎస్ఐసీఎస్ అంటే చిన్న కోత పెట్టి, చేత్తోనే శుక్లాన్ని తీసే పద్ధతి. ఆరేడు మిల్లీమీటర్ల కోతను సొరంగంలా పెడతాం కాబట్టి సాధారణంగా కుట్టు లేకుండానే మూసుకుంటుంది. గట్టిపడిన శుక్లానికి చాలాసార్లు ఇదే క్షేమం. సర్కారు దవాఖానలో ఈ పద్ధతి చెప్పారంటే మీకు తక్కువ వైద్యం చేస్తున్నట్టు కాదు.

ఇక లెన్సుల సంగతి. ఖరీదైనదే మంచిదనుకోవద్దు. దూరానికీ దగ్గరికీ పనికొచ్చే మల్టీఫోకల్‌తో కొందరికి రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. షుగర్‌తో రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, గ్లకోమా (కంటినరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లకు ఒకే దూరానికి చూపునిచ్చే మోనోఫోకలే నయం. చదవడానికి అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది.

చుక్కల మందుతో శుక్లం కరగదు. తీసేశాక మళ్లీ రాదు కూడా. లెన్స్ వెనకుండే పొర తర్వాత మసకబారితే యాగ్ లేజర్‌తో నిమిషాల్లో సరిచేస్తాం.

ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ మాత్ర వాడుతున్న మగవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆపరేషన్‌లో కంటిపాప చిన్నదైపోయి ఇబ్బంది పెడుతుంది. మాత్ర మానేసినా ఆ ప్రభావం పోదు. అందుకే మీ అంతట మీరు ఆపేయకుండా, చీటీ మాకు చూపించండి. దానికి తగ్గట్టు మేం సిద్ధమవుతాం.