ఐదు వేల స్పేస్‌లు, ఒక క్రాష్: లినక్స్ కెర్నెల్ వైట్‌స్పేస్‌ను చదివే తీరు వెనక కథ

2022 డిసెంబరులో, లినక్స్ 6.1 విడుదలకు కొద్ది రోజుల ముందు, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా దాని కెర్నెల్‌లో, అంటే సిస్టమ్‌కి గుండెలాంటి కోడ్‌లో, రెండు చిన్న ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) కలిపారు. ఒకటి స్పేస్‌లను దాటేసే నాలుగైదు లైన్ల ఫంక్షన్‌ని సరిచేసింది. రెండోది ఒక పొడవును పెట్టుకునే వేరియబుల్ టైపు మార్చింది. ఇంత చిన్న మార్పుతో పోయిన లోపానికి భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2022-4378 అని నంబరు కూడా పడింది, ఎందుకంటే ఆ బగ్ మామూలు యూజర్ చేతికి కెర్నెల్ స్టాక్‌ని (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీని) ఇచ్చేస్తోంది. స్పేస్ బార్ నొక్కితే చాలన్నమాట, దాదాపు.

ఇది ఒక్కరు ఒక్కరోజు చేసిన తప్పు కాదు. స్పేస్, ట్యాబ్, లైను ముగించే న్యూలైన్, అన్నీ వైట్‌స్పేసే. ముందు న్యూలైన్ సంగతి చూద్దాం.

కెర్నెల్ సెట్టింగ్‌లు ఫైళ్లలా కనిపించే ప్రాక్‌లోగానీ సిస్‌ఎఫ్‌ఎస్‌లోగానీ ఉన్న ఏదో ఫైల్లోకి టెర్మినల్ నుంచి "ఎకో 1" అని పంపిస్తాం కదా. మనం పంపింది ఒక్క అంకె అనుకుంటాం గానీ కెర్నెల్‌కి చేరేది రెండు బైట్లు: అంకె ఒకటి, దాని వెనకే న్యూలైన్. ఎకోకి మైనస్ ఎన్ పెడితే న్యూలైన్ రాదు, కానీ అలా పెట్టేవాళ్లు ఎంతమంది? సీ ప్రోగ్రాం నుంచి నేరుగా రైట్ చేసేవాళ్లు మాత్రం న్యూలైన్ లేకుండానే పంపుతారు. ఒకే ఫైలు, ఒకే విలువ, రెండు రకాల ఇన్‌పుట్. ఈ రెంటినీ ఎలా సర్దుకోవాలో చాలా ఏళ్లు ఎవరూ ఒక పద్ధతి చెప్పలేదు, దాంతో ఏ డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) రాసేవాళ్లు ఆ డ్రైవర్‌లో తోచినట్టు రాసుకున్నారు.

అందులో బాగా పాకిన అలవాటు ఒకటుంది. వచ్చినదాంట్లో చివరి బైటు ఎలాగూ న్యూలైనే కదా అని, కౌంట్ (వచ్చిన బైట్ల సంఖ్య) మైనస్ ఒకటో స్థానంలో నేరుగా నల్, అంటే స్ట్రింగ్ ఇక్కడితో అయిపోయిందని చెప్పే సున్నా బైటు, పెట్టేయడం. ఎకోతో పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. న్యూలైన్ లేకుండా 12 పంపండి, లోపల అది 1 అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ఇక సున్నా బైట్ల రైట్ ఆ కోడ్ దాకా చేరిందంటే మైనస్ ఒకటో స్థానంలో, అంటే బఫర్‌కి (ఇన్‌పుట్ పెట్టుకున్న మెమరీకి) ఒక బైటు ముందు ఉన్న వేరెవరిదో మెమరీలో, నల్ రాస్తుంది.

అంకెలు చదివే పాత ఫంక్షన్ సింపుల్_ఎస్‌టీఆర్‌టోయుఎల్ ఇంకో రకం ఉదారం. అంకె కానిది ఏది కనిపించినా అక్కడ ఆగిపోయి అప్పటిదాకా చదివింది ఇచ్చేస్తుంది. న్యూలైన్ సమస్య దానంతటదే తీరిపోయినట్టే, కానీ "12abc" అని ఇచ్చినా 12 అంటుంది, అసలు అంకే లేకపోతే 0 అంటుంది. ఫీచర్ ఆన్ చేద్దామని "on" అని రాస్తే అది నిశ్శబ్దంగా 0 అని చదువుకుని ఆఫ్ చేస్తుంది. దీనికి విరుగుడుగా 2008లో స్ట్రిక్ట్ రకం వచ్చింది, 2011లో దాన్ని కూడా పక్కకు నెట్టి కేఎస్‌టీఆర్‌టో కుటుంబం వచ్చింది. దీని నియమం చాలా కచ్చితం: అంకెల తర్వాత ఒకే ఒక్క న్యూలైన్ ఉండొచ్చు, అంతే. రెండు న్యూలైన్లు ఉంటే ఎర్రర్, ముందు ఒక స్పేస్ ఉన్నా ఎర్రర్, వెనక ఉన్నా ఎర్రరే. నన్నడిగితే ఇన్నేళ్లలో ఈ విషయం మీద కెర్నెల్‌లో తీసుకున్న మంచి నిర్ణయం ఇదే. ఎకోని ఒప్పుకుంటుంది, మిగతా చెత్తను కాదు.

మాటల విషయంలో కూడా అదే దారి. 2008లోనే సిస్‌ఎఫ్‌ఎస్_ఎస్‌టీఆర్‌ఈక్యూ వచ్చింది, రెండు స్ట్రింగ్‌లను పోల్చేటప్పుడు చివరి న్యూలైన్‌ని లెక్కలోకి తీసుకోదు. దాని అవసరం ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు, అంతకుముందు ప్రతి డ్రైవరూ ఈ పోలికను సొంతంగా రాసుకునేది.

రెండు వైపులా స్పేస్‌లు కత్తిరించే ఎస్‌టీఆర్‌స్ట్రిప్‌కి వేరే తలనొప్పి. అది చివరి స్పేస్‌ల మీద నల్ రాస్తుంది, కానీ ముందున్న స్పేస్‌లను ఏమీ చేయదు, వాటిని దాటిన చోటికి పాయింటర్ (ఆ చోటి చిరునామా) తిరిగి ఇస్తుంది. ఆ పాయింటర్‌ని పట్టించుకోకపోతే ముందు స్పేస్‌లు అలాగే ఉండిపోతాయి. అందుకని రిటర్న్ విలువను వాడకపోతే కంపైలర్ హెచ్చరించేలా పెట్టారు. అప్పుడు మాకు వెనక వైపు కత్తిరిస్తే చాలు అన్నవాళ్లకి ఆ హెచ్చరిక తలనొప్పి అయింది. 2009 చివర్లో స్ట్రిమ్ అని అదే పని చేసే ఫంక్షన్‌ని హెచ్చరిక లేకుండా పెట్టి, పాతదాన్ని దాని మీద తొడుగులా ఉంచారు. అదే సమయంలో స్కిప్_స్పేసెస్ కూడా అందరూ వాడుకునేలా లైబ్రరీలోకి వచ్చింది. నల్ వచ్చేదాకా, లేదా స్పేస్ కానిది వచ్చేదాకా ముందుకు పోవడం దాని పని. దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఇక సిస్‌కంట్రోల్ దగ్గరికి, అంటే ప్రాక్‌లోని ఫైళ్ల ద్వారా కెర్నెల్ సెట్టింగ్‌లు మార్చే కోడ్ దగ్గరికి. ఇక్కడ ఒక్క ఫైల్లో ఒకటికంటే ఎక్కువ అంకెలు ఉండొచ్చు, టీసీపీ బఫర్ సైజులకి మూడు ఉంటాయి, మధ్యలో స్పేసో ట్యాబో ఉంటుంది. అంటే కేఎస్‌టీఆర్‌టోలాగా "స్పేస్ వస్తే ఎర్రర్" అనే వీలు లేదు, దాటుకుంటూ పోవాల్సిందే. పాత కోడ్ ఆ పనిని చాలా నాటుగా చేసేది: యూజర్ మెమరీ నుంచి ఒక్కో బైటు తెచ్చుకోవడం, స్పేస్ అయితే మిగిలిన లెక్కలో ఒకటి తగ్గించడం, లెక్క అయిపోతే ఆగడం. నెమ్మది, చూడ్డానికి అసహ్యం, కానీ లెక్క దాటి ఒక్క బైటు కూడా చదవదు.

2010లో, 2.6.35 వెర్షన్ కోసం, ఈ కోడ్‌ని శుభ్రం చేశారు. యూజర్ ఇచ్చినదాన్ని ముందే ఒక పేజీలోకి (మెమరీలో ఒక నిర్ణీత సైజు ముక్కలోకి) కాపీ చేసుకుని, 4096 బైట్ల పేజీ అయితే గరిష్ఠంగా 4095 బైట్లు తీసుకుని, చివర నల్ పెట్టారు. స్పేస్‌లు దాటడానికి ప్రాక్_స్కిప్_స్పేసెస్ అని చిన్న ఫంక్షన్, లోపల ఆ స్కిప్_స్పేసెస్సే. దానికి పొడవు ఇవ్వలేదు. ఇవ్వక్కర్లేదు కూడా, నల్ సరిగ్గా కత్తిరించిన చోటే ఉంది కదా. విచిత్రమేమిటంటే, ఆ పక్కనే ఒకే అక్షరాన్ని దాటే ఇంకో ఫంక్షన్ రాశారు, దానికి మాత్రం పొడవు ఇచ్చారు.

2020లో, 5.8 వెర్షన్ కోసం, యూజర్ మెమరీ నుంచి కాపీ చేసే పనిని ఈ ఫంక్షన్ల నుంచి తీసి పైన ఒకే చోట పెట్టారు. మంచి మార్పే, ఎన్నో చోట్ల ఉన్న కాపీ కోడ్ పోయింది. కానీ ఇప్పుడు బఫర్ ఒక పేజీకంటే పెద్దదిగా ఉండొచ్చు, నల్ మొత్తం బఫర్ చివర ఉంటుంది. కింద ఉన్న కోడ్‌లో 4095 అనే కోత మాత్రం అలాగే ఉండిపోయింది. కోత ఒకచోట, నల్ ఇంకోచోట.

ఇప్పుడు 5000 స్పేస్‌లు పంపండి. మిగిలింది 4095 అని లెక్క. స్కిప్_స్పేసెస్‌కి ఆ లెక్క తెలీదు, నల్ దొరికేదాకా 5000 దాటేస్తుంది. 4095లోంచి 5000 తీసేస్తే, అన్‌సైన్డ్ (మైనస్ విలువలు పట్టని టైపు) కాబట్టి, ఊహకందని పెద్ద సంఖ్య వస్తుంది. సున్నా కాదు కాబట్టి ఇంకా చదవాల్సింది ఉందనుకుని అంకె చదివే ఫంక్షన్‌కి పంపుతారు. అక్కడ దాన్ని మామూలు ఇంట్‌లో (మైనస్ కూడా పట్టే టైపులో) పెట్టుకుంటారు, అది మైనస్ 905 అవుతుంది. స్టాక్ మీద 22 బైట్ల చిన్న బఫర్ ఉంది, పొడవు 21 కంటే ఎక్కువా అని పరీక్ష కూడా ఉంది. మైనస్ 905 ఎక్కువ కాదుగా, పాసైపోతుంది. బైట్లు కాపీ చేసే మెమ్‌కాపీకి చేరేసరికి అదే మళ్లీ అన్‌సైన్డ్ అయి, ఆ 22 బైట్ల మీద స్టాక్ అంతా తుడిచిపెట్టుకుపోయేంత కాపీ మొదలవుతుంది. సిస్‌కంట్రోల్‌లో రాసే హక్కు రూట్‌కే (సర్వాధికారాలున్న యూజర్‌కే) కదా అని తీసిపారేయడానికి లేదు, యూజర్ నేమ్‌స్పేస్‌లు (యూజర్ తన వరకు తానే రూట్‌గా ఉండే విడి గదుల్లాంటివి) తెరిచి ఉన్న సిస్టమ్‌లో మామూలు యూజర్ సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ తయారుచేసుకుని అందులోని సెట్టింగ్‌లలో రాయగలడు.

టోర్వాల్డ్స్ మొదటి ప్యాచ్ ప్రాక్_స్కిప్_స్పేసెస్‌కి పొడవును అందించింది, ఇందాక చెప్పిన ఆ పక్క ఫంక్షన్‌నే నమూనాగా తీసుకుని. అంటే పన్నెండేళ్ల కిందట పాత నాటు కోడ్ చేసిన పనే. రెండో ప్యాచ్ ఆ ఇంట్ సంగతి చూసింది. రెండింట్లో ఏది ముందునుంచీ ఉన్నా ఈ స్టాక్ ఓవర్‌ఫ్లో జరిగేది కాదు.

ఇదంతా ఎన్ని వైట్‌స్పేస్‌లు అన్న గొడవ. అసలు ఏది వైట్‌స్పేస్ అన్నదాని మీద కూడా కెర్నెల్‌లో ఒకే మాట లేదు. స్క్రిప్టు మొదటి లైన్లో హ్యాష్, ఆశ్చర్యార్థకం తర్వాత వచ్చేదాన్ని చదివే కోడ్‌కి స్పేస్, ట్యాబ్ మాత్రమే వైట్‌స్పేస్. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలయితే లైన్ చివర క్యారేజ్ రిటర్న్ ఉంటుంది, దాన్ని ఇంటర్‌ప్రెటర్ పేరులో భాగంగానే తీసుకుని అలాంటి ఫైలే లేదంటుంది. ఎదురుగా ఫైలు కనిపిస్తుంటే లేదంటుందేంటని జుట్టు పీక్కున్నవాళ్లు లెక్కలేనంతమంది.

స్ట్రిమ్, స్కిప్_స్పేసెస్ వాడే ఈజ్‌స్పేస్ మాత్రం 256 గడుల పట్టిక చూస్తుంది. అందులో క్యారేజ్ రిటర్న్ ఉంది, దాంతోపాటు 160వ బైటు కూడా ఉంది, ఎందుకంటే ఆ పట్టిక లాటిన్-1 (అక్షరానికి ఒకే బైటు వాడే పాత పద్ధతి) కాలంనాటిది, అందులో 160 అంటే లైను విరగనివ్వని స్పేస్. ఇప్పుడు వాడే యూటీఎఫ్-8లో ఆ బైటు ఒంటరిగా రాదు, ఎక్కువ బైట్లున్న అక్షరాల్లో భాగంగా వస్తుంది. మన "ఠ" చూడండి: 224, 176, 160. ఠతో ముగిసే పేరుని స్ట్రిమ్‌కి ఇస్తే చివరి బైటుని స్పేస్ అనుకుని కొట్టేస్తుంది, తెగిపోయిన రెండు బైట్లు మిగులుతాయి. "ౠ"ది కూడా అదే గతి. కెర్నెల్‌కి వచ్చే ఇన్‌పుట్‌లో చాలావరకు అంకెలు, ఇంగ్లిష్ మాటలే కాబట్టి ఇది పెద్దగా ఎవరికీ తగలదు. కానీ యూజర్ నచ్చిన పేరో లేబులో పెట్టుకునే ఫైలుకి మీరు డ్రైవర్ రాస్తుంటే, అక్కడ స్ట్రిమ్ పెట్టకండి. చివర న్యూలైన్ ఉంటే అదొక్కటే తీసేసి మిగతాది ముట్టుకోకండి.